ఆ షాట్‌లో చేతులెవరివి?

పత్రికాఫీసు, మూడో అంతస్తు
సోమవారం

మామయ్యా,

నువ్వు బాగున్నావనీ, నీ మోకాళ్ళు మాత్రం బాగాలేవనీ అత్తయ్య రాసింది. ఫోనులో మాట్లాడవు, ఇక్కడికి రావు. ఉద్యోగమంతా పరుల ఫోన్లు విన్న ఇన్‌స్పెక్టరుకి రిటైరయ్యాక సొంత ఫోను మీద నమ్మకం ఎలా ఉంటుందిలే! అందుకే ఈ ఉత్తరం. దీంతోపాటు ఈ వారం నా కాలమ్ కత్తిరించి పంపుతున్నాను. చదివి నవ్వుకో. నవ్వకపోతే అత్తయ్యతో చెప్పి కాఫీ మాన్పిస్తాను.

ఈసారి 'తెర మీద తప్పులు'లో నేను పట్టుకున్నది మీ సినిమానే. అదే, నువ్వు పనిచేసిన కేసు మీద మీ పెద్దసారు దగ్గరుండి తీయించిన ఆ పాత పోలీసు వేట సినిమా. రైల్వే స్టేషన్లో బాంబు పేల్చబోయే టెర్రరిస్టు, వాడి కోసం ఊరంతా జల్లెడపట్టే పోలీసులు. దాని నెగెటివు ఎప్పుడో పాడైపోయిందట, ఇప్పుడెక్కడా దొరకడం లేదు. మా ఆఫీసు బీరువా అడుగున ఒక్క వీడియో కేసెట్టు కనబడింది. దుమ్ము దులిపి, తలుపేసుకుని చూశాను.

హీరో పిస్తోలు సంగతి నువ్వు నన్నడక్కు. ఎంత కాల్చినా అందులో గుళ్ళు అయిపోవు. మేడమీంచి దూకేటప్పుడు చిరిగిన చొక్కా నేలమీదికొచ్చేసరికి ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఇలాంటివి నాలుగు రాసి, నాలుగు చురకలంటించి ముగిద్దామనే కూర్చున్నాను. ప్లాట్‌ఫాం సీను దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేశాను. విలన్ లోపల దొంగజేబులున్న కోటు కుట్టమని ఒక దర్జీ దగ్గరికెళ్తాడు. దర్జీకి అనుమానమొచ్చి పోలీసులకి చెప్తాడు. 'కుట్టు, కానీ వీపు నడిమి కుట్టు మాత్రం రంగు రవ్వంత తేడా ఉన్న దారంతో వెయ్యి' అంటారు వాళ్ళు. ఇక హీరో ఆ జనంలో ఎవరి మొహమూ చూడడు, వీపులే చూసుకుంటూ పోతాడు. పాట లేదు, వాద్యం లేదు, అడుగుల చప్పుడే. ఆ ఒక్క కుట్టు కనబడేసరికి నాకు నిజంగా ఊపిరాడలేదు మామయ్యా. ఇప్పటి వాళ్ళు వంద కార్లు పేల్చినా ఆ బిగువు రాదు.

కానీ సినిమా మొత్తంలో అందరికంటే బాగా నటించింది దర్జీ చేతులు. అక్కడే దొరికింది నాకు అసలు తప్పు. దర్జీ వేషం వేసినాయన సినిమా అంతా కుడిచేతి వాటం. కోటు కుట్టే క్లోజప్ షాట్‌లో మాత్రం కత్తెర ఎడమచేతిలో ఉంది. ఆ ఎడమచేతి చిటికెన వేలికి చివరి కణుపు లేదు! నటుడికి పది వేళ్ళూ నిండుగా ఉన్నాయి. అంటే ఎవరో నిజమైన దర్జీని కూర్చోబెట్టి తీశారన్నమాట. అదీ సెట్ మీదే. ఎందుకంటే అదే షాట్‌లో ఆ దొంగ కుట్టు సరిచూడ్డానికి హీరో ఎడమచెయ్యి, గడియారంతో సహా, వచ్చి కోటు అందుకుంటుంది.

'ఆ చేతులెవరివి? తెలిసినవారు రాయండి' అని పాఠకుల్ని అడిగాను. నీకు తెలిసే ఉంటుంది. ఆ కేసులో పనిచేశావు, షూటింగుకీ వెళ్ళానని గొప్పలు చెప్పావు. ఆయన పేరు ఒక్క ముక్క రాసి పడెయ్. పేరు లేకుండా మిగిలిపోయిన కళాకారుడికి కాస్త పేరొస్తుంది.

నీ డేగకళ్ళ మేనకోడలు,
డేగ

*

స్టేషను వెనక వీధి
గురువారం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మీ అత్తయ్య కులాసా.

కాలమ్ చదివాను. ఆ చేతుల సంగతి ఇంతటితో వదిలెయ్. వచ్చేవారం వేరే సినిమా తీసుకో. ప్రేమ సినిమాలు బోలెడున్నాయి, వాటిలో బోలెడు తప్పులుంటాయి. పాఠకులెవరైనా రాస్తే జవాబివ్వకు, అచ్చు వెయ్యకు.

ఎందుకని అడక్కు. నేనెప్పుడైనా నిన్ను ఇది రాయి, ఇది రాయకు అన్నానా? ఇప్పుడంటున్నాను.

మామయ్య

*

పత్రికాఫీసు
సోమవారం

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. అది ఉత్తరమా, మెమోనా? నేనేం నీ స్టేషన్లో కానిస్టేబుల్నా?

నీ బాధేమిటో నాకు తెలుసులే. దర్జీ సీన్లన్నీ జరిగింది జరిగినట్టే తనే రాయించానని మీ పెద్దసారు అప్పట్లో పేపర్లన్నిటికీ చెప్పుకున్నాడు. అసలు కేసులో దర్జీ మంటల్లో పోయాక, ఆయన చేతులంటూ ఇంకెవరివో చూపించారని తెలిస్తే ఆయన పరువు పోతుంది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నువ్వింకా సెల్యూట్ కొడుతూనే ఉన్నావు. నేను కొట్టను. నా కాలమ్‌లో ఎవరికీ మినహాయింపు లేదు. అది అందరికీ తెలుసు కాబట్టే చదువుతారు.

ఉత్తరాలు బస్తాల్లో వస్తున్నాయి. హీరో అభిమానులు సగం, దర్జీలు సగం. ఒకటి మాత్రం చాలా మర్యాదగా ఉంది, నువ్వే చదువు:

'గౌరవనీయులైన అమ్మగారికి. మీ శీర్షిక విడవకుండా చదువుతాను. నేనున్న చోట చదువుకోవడానికి తీరిక బాగా ఉండేది. మీరు రాసిన చేతులు నేనెరుగుదును. ఒకప్పుడు నాకొక కోటు కుట్టాయి. కుట్టు మహా నేర్పుగా ఉంటుంది. ఆ కోటు తర్వాత ఆయన దుకాణం తగలబడి ఆయన పోయాడని విన్నాను, నమ్మాను. ఆ తర్వాత తీసిన సినిమాలో ఆయన కూర్చుని కుట్టాడని మీరు రాశాక మనసు నిలవడం లేదు. ఆచూకీ తెలిస్తే దయచేసి చెప్పండి. కుట్టించుకోవలసింది ఒకటి మిగిలిపోయింది.'

చూశావా, ఒక పాత ఖాతాదారు ఆ దర్జీని ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. నువ్వు మాత్రం నోరు విప్పవు. నాకు తెలిసినంతలో ఆయనకి కార్డు రాశాను: 'పేరు నాకూ తెలియదు. మా కాలమ్ నియమం మీకు తెలుసుగా, అనుమానమున్న పాఠకులెవరైనా వచ్చి మా కేసెట్టు స్వయంగా చూసుకోవచ్చు. మీరూ రండి' అని.

కోపంగానే ఉన్నాను. అయినా మోకాళ్ళకి నూనె రాసుకో.

డేగ

*

స్టేషను వెనక వీధి
బుధవారం

తల్లీ,

ఇది పోస్టులో వేయడం లేదు. తెచ్చినాయన నాతో పనిచేసినవాడు. చదివేటప్పుడు గదిలో ఎవరూ లేకుండా చూసుకో.

నీకు ఉత్తరం రాసింది పాత ఖాతాదారు కాదు. కోటువాడు. మేము పిలుచుకున్న పేరది. సినిమాలో హీరో వాణ్ణి కాల్చి చంపేస్తాడు, జనం చప్పట్లు కొడతారు. నిజానికి ప్లాట్‌ఫాం మీద వాణ్ణి ప్రాణాలతోనే పట్టుకున్నాం. శిక్ష పూర్తయి పోయిన నెల బయటికొచ్చాడు. తీరిక బాగా ఉన్న చోటంటే జైలు.

దర్జీ సినిమాలో చచ్చిపోతాడు. నిజంగా చావలేదు. వాడి మనుషులు దుకాణానికి నిప్పుపెట్టిన మాట నిజమే. దర్జీ ఆ వేళ దుకాణంలో లేడు. లోపలే కాలిపోయాడని మేమే చెప్పాం. పేపర్లు నమ్మాయి, కోటువాడు జైల్లో నమ్మాడు. సినిమాలో కూడా చంపించింది అందుకే. ఇక ఎవరూ వెతక్కుండా.

అంతా బాగానే ఉండేది. దర్జీ వేషం వేసినాయనకి కత్తెర పట్టుకోవడం చేతకాలేదు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. పెద్దసారుకి సినిమా పిచ్చి తలకెక్కింది. 'మనవాడున్నాడుగా, చేతులే కదా, మొహం కనబడదు' అని మూసిన బండిలో అసలు దర్జీనే సెట్‌కి రప్పించాడు. వద్దని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. చేతులెవరు చూస్తారయ్యా అన్నాడు. నువ్వు చూశావు.

ఆయన మా వీధిలోనే ఉన్నాడు. వేరే పేరు, చిన్న కొట్టు. పాత బట్టలకి మరమ్మతులు చేస్తాడు. సాయంత్రాలు నేనూ ఆయనా చదరంగం ఆడుకుంటాం. భార్య పోయింది. పిల్లల్లేరు. ఎడమచేతి చిటికెన వేలు ఎవరికైనా కనబడుతుంది.

నిన్నేమీ అనను. నీకు తెలియదు. కానీ వాడు వస్తాడు. నువ్వు రమ్మన్నావు. ఆ కేసెట్టు చూశాడా, దర్జీ బతికున్నాడని వాడికి రూఢి అవుతుంది. ఆ తర్వాత ఈ వీధి పట్టుకోవడం వాడికి ఎంత పని?

మామయ్య

*

పత్రికాఫీసు
శుక్రవారం

మామయ్యా,

నీ ఉత్తరం చదివాను. నిన్నన్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏమీ అనను అన్నావు చూడు, అది మరీ గుచ్చుకుంది.

ఏడుస్తూ కూర్చోలేదులే. పోయిన వారమే కాలమ్‌లో సవరణ వేశాను. 'పోయినసారి నేనే పొరబడ్డాను. ఆ చేతులు నటుడివే. ఫిల్మును తిరగేసి అతికించడం వల్ల కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనబడింది. చిటికెన వేలు మడిచి ఉంది' అని. ఇన్నేళ్ళలో నా కాలమ్‌లో ఒక్క సవరణ కూడా పడలేదు. కంపోజింగులో వాళ్ళు నన్నొచ్చి రెండుసార్లు అడిగారు, నిజంగానే వెయ్యమంటారా అని.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగితే ఇంకేం! హీరో అభిమాని ఒకడు ఇంత పొడుగు ఉత్తరం రాశాడు. 'ఫిల్ము తిరగబడితే మా హీరో గడియారం కుడిచేతికి రావాలి కదా మేడమ్? ఎడమచేతికే ఉందని మొదట మీరే రాశారు. మరి మీ మొదటి మాట అబద్ధమా, రెండోది అబద్ధమా?' అని. పాయింటు పట్టాడు. నా దగ్గరే నేర్చుకుని ఉంటాడు. ఎడిటరుగారికి పండగే. మొదటి పేజీలో పెట్టెకట్టి వేస్తానంటున్నాడు. అది అచ్చయిందంటే ఆ చేతులు నిజమైన దర్జీవేనని మళ్ళీ చాటింపు వేసినట్టే.

ఎడిటరుగారి గదిలోకెళ్ళాను. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? 'సార్, నాకు కళ్ళు పోతున్నాయి. కొన్ని నెలలుగా సరిగా కనబడటం లేదు. ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం వేసి నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకండి' అన్నాను. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు. ఉత్తరం చించేశాడు. ఈ వారం ఒక చిన్న ప్రకటన వస్తుంది: 'రచయిత్రి కంటిచూపు మందగించినందున ఈ శీర్షిక ఆపుతున్నాం. ఇటీవలి వ్యాసాల్లోని పొరపాట్ల గురించి పాఠకులు రాయవద్దని మనవి.'

అంతే. 'తెర మీద తప్పులు' అయిపోయింది. ఆఫీసులో అందరూ నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నారు. నిక్షేపంలాంటి కళ్ళు పెట్టుకుని గోడలు తడుముకుంటూ నడుస్తున్నాను.

కేసెట్టు ఏం చెయ్యమంటావు? అది ఒక్కటే మిగిలింది మామయ్యా. కాల్చెయ్యాలంటే చెయ్యి రావడం లేదు.

డేగ

*

స్టేషను వెనక వీధి
ఆదివారం

అమ్మడూ,

నువ్వు చేసింది చదివి మీ అత్తయ్య దాచుకున్న నీ కాలమ్ ముక్కలన్నీ తీసి ముందేసుకుంది. ఆ కాలమ్ నీకెంతో మాకు తెలియదా?

పోలీసు కమిషనరాఫీసుకి వెళ్ళాను. కుర్రాఫీసరు. నాకు కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, మాట మాత్రం వినలేదు. వాడి శిక్ష అయిపోయింది, ఫైలు మూసేశాం, దర్జీ ఎక్కడని అడగడం నేరం కాదు కదండీ అన్నాడు. నా వయసుకి ఇలాంటి భయాలు మామూలేనట.

దర్జీని ఊరు మారమన్నాను. మారనన్నాడు. 'ఒకసారి పేరు మార్చుకున్నాను, ఊరు మార్చుకున్నాను. ఆవిడ పోతే సొంత పేరుతో నాలుగు మాటలు ఏడవలేకపోయాను. ఇక నావల్ల కాదు, వస్తే రానీ' అన్నాడు. మొండి మనిషి. తలుపుకి కొత్త గడియ పెట్టించాను. రోజంతా ఎదురరుగు మీద కూర్చుని కాపలా కాస్తున్నాను. నా మోకాళ్ళతో నేను పరిగెత్తేదేముంది, కానీ కూర్చున్నాను.

ఇక కేసెట్టు. లేదనకు, దాచకు. దాచావంటే దాయాల్సిందేదో ఉందని వాడికి చెప్పినట్టే. అలాగని వాడు ఆ షాటు చూడకూడదు. ఏం చెయ్యాలో నాకూ పాలుపోవడం లేదు. ఇంతకుముందు ఉత్తరం తెచ్చినాయన మీ ఆఫీసు కింద టీ కొట్టు దగ్గరే ఉంటాడు. కిటికీ తెరిచి ఒక్క కేక వేస్తే పైకొస్తాడు.

వాడితో ఎక్కువ మాట్లాడకు. అబద్ధం చెప్పాల్సొస్తే చిన్నది చెప్పు.

మామయ్య

*

ఇంటి నుంచి
మంగళవారం

మామయ్యా,

వచ్చాడు. వెళ్ళాడు. నాకేమీ కాలేదు, ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో. అక్షరాలు అడ్డదిడ్డంగా వస్తే ఏమనుకోకు.

మధ్యాహ్నం భోజనాలవేళ. ఆఫీసు సగం ఖాళీ. టెలిఫోనమ్మాయి వచ్చి, 'మేడమ్, మీ కార్డు పట్టుకుని ఒకాయన వచ్చారు' అంది. నేనింకా కేసెట్టు గురించి ఏమీ తేల్చుకోనేలేదు. రెండ్రోజుల తర్వాత వస్తాడేమో, వారం తర్వాతేమో అనుకుంటున్నాను. ప్రూఫు రీడరుగారి సోడాబుడ్డి కళ్ళద్దాలు బల్లమీదుంటే తీసి పెట్టేసుకున్నాను. నటించాలంటే భయమేసింది. అవి పెట్టుకుంటే నిజంగానే ఏమీ కనబడదు, నటించక్కర్లేదు.

సన్నటి మనిషిలా ఉన్నాడు. తెల్లజుట్టు. ఇంత చలిలోనూ కోటు వేసుకోలేదు, అంతవరకు మసకమసగ్గా తెలిసింది. గొంతు ఎంత మెత్తగా ఉందనుకున్నావు! 'మీ చూపు సంగతి పేపర్లో చదివానమ్మా. చాలా బాధేసింది. వీలైతే ఆ షాటు ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను' అన్నాడు.

కాదనడానికి కారణం దొరకలేదు. మూలగదిలోకి తీసుకెళ్ళాను. నీకు తెలుసుగా ఆ గది, టీవీ, ప్లేయరు, రెండు కుర్చీలు, కిటికీకి నల్లగుడ్డ. తలుపు ఆయనే వేశాడు. కిటికీ ఆయన కుర్చీ వెనకుంది. అంటే నువ్వు చెప్పిన కేక దారి మూసుకుపోయింది.

కేసెట్టు పెట్టి నడిపించాను. పక్కపక్కనే కూర్చున్నాం. దుకాణం సీను మొదలైంది. తెరమీద నాకు రంగులు తప్ప ఏమీ తెలియడం లేదు. చెవులే దిక్కు. ఎన్నిసార్లు చూశానో కదా, చప్పుళ్ళు వరసగా గుర్తున్నాయి. ముందు తలుపు గంట. తర్వాత సుద్దముక్క గుడ్డమీద గీసుకునే చప్పుడు. తర్వాత హీరో, 'ఎప్పటికవుతుంది?' అంటాడు. ఆ మాట అయిన వెంటనే కత్తెర. కత్తెరతోనే చేతులు.

తలుపు గంట మోగింది. పక్కనాయన ముందుకు వంగాడు, కుర్చీ కిర్రుమంది. నాకు ఒక్కసారిగా అరుగు మీద కూర్చున్న నువ్వు గుర్తొచ్చావు. సుద్దముక్క చప్పుడు. 'ఉండండి బాబూ, బొమ్మ ఎగురుతున్నట్టుంది, సరిచేస్తాను' అని లేచి, తడుముకుంటూ వెళ్ళి, ఆపే మీట నొక్కాను. తర్వాత దాని పక్కనున్న ఎర్రమీట నొక్కాను. మామయ్యా, అది రికార్డు చేసే మీట. దాని కింద ఏముంటే అది చెరిగిపోతుంది. దాని స్థానం నాకు ఒళ్ళు తెలియని నిద్రలోనైనా తెలుసు.

తెర నీలంగా అయిపోయింది. కేసెట్టు తిరుగుతూనే ఉంది.

'ఏదీ రావడం లేదమ్మా' అన్నాడు.

'అదేమిటి, తిరుగుతోందిగా. మీకు కనబడటం లేదా?' అన్నాను.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఈ ప్లేయరు పాతదని, మెకానిక్కు రాడని, నోటికొచ్చిందల్లా. లోపల షాటు చెరిగిపోతోంది. సుద్ద, కత్తెర, కోటు, ఆ చేతులు. ఒక్కోటీ ఎంతసేపుంటుందో నాకు తెలుసు. హీరో కోటు అందుకుని, కుట్టు చూసి తిరిగిచ్చి, తలుపు దాటేదాకా లోపల్లోపలే ఊహించుకుంటూ నిలబడ్డాను.

ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. 'ఎర్రమీట నొక్కారమ్మా మీరు' అన్నాడు, మెల్లగా.

'అయ్యో అయ్యో' అని ఏడుపు మొదలుపెట్టాను. ఆ ఏడుపు దొంగేడుపు కాదు మామయ్యా. మిగిలిన ఒక్క కేసెట్టులో మిగిలిన ఒక్క మంచి షాటు నా చేత్తో నేనే చెరిపేశాను. ఎంత ఏడిచానంటే ఆయనే నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

'మరి ఆ చిటికెన వేలు ఎలా చూశారమ్మా?' అన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. చిన్న అబద్ధం చెప్పమన్నావు. నాకు దొరికింది పెద్దదే.

'చూస్తే కదా బాబూ! ఎప్పుడో ఆ కేసు గురించి పాత పేపర్లో చదివాను, దర్జీకి వేలు తెగి ఉండేదని. వారం వారం కాలమ్ నింపాలి. కళ్ళు కనబడక, తప్పులు నేనే పుట్టిస్తున్నాను. ఎడిటరుకి తెలిసిపోయింది. అందుకే ఆపించారు. మీ కాళ్ళు పట్టుకుంటాను, బయట చెప్పకండి' అన్నాను.

నా మొహంలోకి చూస్తున్నాడని తెలుస్తోంది. చివరికి నవ్వాడు. అందులో సంతోషం ఏమీ లేదు, విసుగు ఉంది. 'జైల్లో కూర్చుని ఇన్నేళ్ళు మీ రాతలన్నీ నిజమని నమ్మానమ్మా. ఒక్క తప్పూ చెయ్యని మనిషనుకున్నాను' అన్నాడు. నా కార్డు తీసి నా ఒళ్ళో పడేశాడు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నప్పుడు కళ్ళద్దాలు తీసి వాడి మొహాన కొట్టాలనిపించింది. నేను ఒక్క అక్షరం పుట్టించలేదురా అని అరవాలనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

నమ్మాడంటావా?

డేగ

*

స్టేషను వెనక వీధి
ఆదివారం

తల్లీ,

నమ్మాడు. టీ కొట్టు దగ్గరున్న మనవాడు వాణ్ణి మీ ఆఫీసు మెట్లు దిగిన దగ్గర్నుంచి వదల్లేదు. బస చేసిన చోటికెళ్ళి పెట్టె సర్దుకున్నాడట. స్టేషనుకెళ్ళి తన ఊరికి టిక్కెట్టు కొనుక్కున్నాడట. రైలు కదిలేదాకా మనవాడు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు. అక్కడ తన చెల్లెలింట్లో దిగాడనీ, ఊళ్ళో ఉన్న పొలం పని చూసుకుంటున్నాడనీ ఆ ఊళ్ళో నాతో పనిచేసినవాడు కబురు చేశాడు. నేను అరుగు దిగాను. మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి, మీ అత్తయ్య నూనె రాస్తూ తిట్ల దండకం చదువుతోంది.

పిస్తోళ్ళు పట్టుకుని నలభైమందిమి పట్టుకున్న వాణ్ణి నువ్వొక్కదానివి కళ్ళద్దాలతో వెనక్కి పంపావు. ఉద్యోగంలో నేనెవరికీ సెల్యూట్ మనస్ఫూర్తిగా కొట్టలేదు. ఈ ఉత్తరం రాసే ముందు లేచి నిలబడి నీకు కొట్టాను. మీ అత్తయ్య సాక్షి.

ఒక సంగతి నీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్తాను. ఆ చేతుల గురించి నీ కాలమ్ వచ్చినప్పుడు దర్జీ అది కత్తిరించుకుని మిషను సొరుగులో పెట్టుకున్నాడు. నాకు తెలిసి నేను అరిచాను, అయినా తియ్యలేదు. ఆ సినిమా ఆయనెప్పుడూ చూడలేదమ్మా. అప్పట్లో హాలుకి వెళ్ళనివ్వలేదు మేము, ఎవరైనా గుర్తుపడతారని. తర్వాత ఎక్కడా దొరకలేదు. ఆయన చేసిన పనికి పతకం లేదు, పేరు లేదు. పేరే మార్చేశాం. ఆ చేతులు బాగా చేశాయని ఈ లోకంలో అచ్చులో రాసింది నువ్వొక్కదానివే. 'ఇదంతా సద్దుమణిగాక మీ మేనకోడలు ఆఫీసుకెళ్ళి ఆ ముక్క ఒక్కసారి చూస్తాను' అని నన్ను అడిగాడు కూడా.

నిన్న సాయంత్రం వెళ్ళి చెప్పాను. షాటు చెరిగిపోయిందనీ, ఇక ఎక్కడా లేదనీ, చెరిపింది నువ్వేననీ, ఎందుకు చెరిపావో కూడా. ఆయన చేతిలో ఎవరిదో చొక్కా కాలరు ఉంది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చివరికి దారం తెంపి తలెత్తాడు.

'పోనీలెండి. చేతులున్నాయిగా' అన్నాడు.

మళ్ళీ తల వంచి కుట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, నీకొక చలికోటు కుడతానన్నాడు. భుజాల కొలత, చేతి పొడవు, నడుము రాసి పంపు. నేనే తెచ్చిస్తాను. వీపు కుట్టు మాత్రం గుడ్డ రంగు దారంతోనే వేయమని గట్టిగా చెప్పాను, నవ్వాడు.

వేసుకుని తిరుగు. ఎవరు కుట్టారని ఎవరడిగినా, రెడీమేడ్ అని చెప్పు.

మామయ్య